ఆరు గంటల వెలుతురు, నాలుగు రోజుల లీవు

"ఏంటే, సాయంత్రం నాలుగున్నరకే అంత చీకటా? కరెంటు పోయిందా?"

నవంబర్‌లో ఒక వీడియో కాల్‌లో అమ్మ అడిగిన ప్రశ్న ఇది. విజయవాడలో అప్పుడు రాత్రి ఎనిమిది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో నాలుగున్నర. చెల్లి వెనకున్న కిటికీ పూర్తిగా నల్లగా ఉంది.

"కరెంటు కాదమ్మా, సూర్యుడే డ్యూటీ దిగిపోయాడు" అంది చెల్లి. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ తర్వాతి వారం నుంచి తను వీడియో ఆన్ చేయడం మానేసింది. అడిగితే "నెట్ సరిగా లేదు" అనేది. నోకియా పుట్టిన దేశంలో కూర్చుని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అన్నకి చెప్పాల్సిన అబద్ధమా అది?

అప్పటికే నా చేతిలో టికెట్ ఉంది. చెల్లి ఆగస్టులో మాస్టర్స్‌కి వెళ్లింది. సెప్టెంబర్‌లోనే నేను డిసెంబర్ ట్రిప్ ఫిక్స్ చేసేశా. నాకు మిగిలిన లీవులు నాలుగు. బుధ, గురు, శుక్ర, మళ్లీ సోమవారం. మధ్యలో శని, ఆదివారాలు ఫ్రీ. ప్రయాణాలు తీసేస్తే అక్కడ పూర్తిగా నాలుగు రోజులు. మంచు చూడాలి, ఫొటోలు దిగాలి, చెల్లిని చూడాలి. నిజం చెప్పాలంటే అప్పటి ఆర్డర్ అదే.

ఇంజనీరు బుద్ధి కదా, ఒక షీట్ తయారు చేశా. 19 వరుసలు. చూడాల్సిన ప్లేసు, పట్టే టైము, ఖర్చు, లింకు. చివరికి ఆ షీట్‌లో ఆరే మిగిలాయి. మిగతా 13 ఎందుకు ఎగిరిపోయాయో చెప్తా. ఉత్తరాన ఏ చలి నగరానికి చిన్న ట్రిప్ వేసుకున్నా మీకు పనికొస్తుంది.

ముందు సూర్యుణ్ని చూడండి, తర్వాత టికెట్

మనం ట్రిప్ అంటే విమానం రేటు చూస్తాం, హోటల్ రేటు చూస్తాం. సూర్యోదయం ఎన్నింటికో ఎవరం చూడం. మనకి అవసరం లేదు కూడా. హైదరాబాద్‌లో డిసెంబర్ అయినా పగలు 11 గంటలుంటుంది.

హెల్సింకీ భూమధ్యరేఖకి 60 డిగ్రీల ఉత్తరాన ఉంది. హైదరాబాద్ 17 డిగ్రీల దగ్గర. డిసెంబర్ మొదటి వారంలో అక్కడ సూర్యుడు ఉదయం తొమ్మిది దాటాక వస్తాడు, మధ్యాహ్నం మూడుంపావుకి వెళ్లిపోతాడు. డిసెంబర్ 21 ప్రాంతంలో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. అదే జూన్‌లో అయితే దాదాపు 19 గంటలు. చెల్లి వెళ్లిన ఆగస్టులో రాత్రి తొమ్మిదికి కూడా వెలుతురే. అందుకే మొదట్లో తనకి ఆ ఊరు తెగ నచ్చేసింది.

ఇప్పుడు లెక్క చూడండి. నాలుగు రోజులు, రోజుకి ఆరు గంటలు. మొత్తం 24 గంటల వెలుతురు. నాలుగు రోజుల ట్రిప్‌కి నా చేతికొచ్చే పగలంతా కలిపితే ఒక్క రోజు!

కాబట్టి మొదటి పని, షీట్‌లో కొత్త కాలమ్ పెట్టా: 'వెలుతురు కావాలా? అవును / కాదు'. సముద్రం, దీవి, పార్కు, వీధుల్లో నడక అవును. మ్యూజియం, లైబ్రరీ, సూపు, షాపింగ్ కాదు. 'అవును'లన్నీ పది నుంచి మూడు మధ్యలో, 'కాదు'లన్నీ మూడు తర్వాత. ఇది చేయగానే ఐదు వరుసలు వాటంతటవే పోయాయి. టైమ్ లేదు మరి.

పోయినవాటిలో మొదటిది నార్తర్న్ లైట్స్. ఫిన్లాండ్ వెళ్లి అవి చూడకపోతే ఎలా అనుకున్నా. కానీ అవి తరచుగా కనిపించేది ఉత్తరాన ఉన్న లాప్‌లాండ్‌లో. లాప్‌లాండ్ ముఖ్యపట్టణం రోవనియెమికి హెల్సింకీ నుంచి 800 కిలోమీటర్ల రోడ్డు. హెల్సింకీలో ఎప్పుడైనా కనిపించొచ్చు గానీ, సిటీ లైట్లు, డిసెంబర్ మబ్బులు కనబడనివ్వవు. నాలుగు రోజుల్లో రెండూ అంటే రెండూ సగం సగమే.

రెండోది టాలిన్. ఎస్టోనియా రాజధాని. సముద్రం మీద దాదాపు 80 కిలోమీటర్లు, ఓడలో రెండు గంటలు. ఒకే వీసాతో రెండు దేశాలు అని మురిసిపోయా. కానీ రానూ పోనూ నాలుగు గంటలు. ఆ రోజు వెలుతురులో మూడొంతుల్లో రెండొంతులు ఓడలోనే కాలిపోతుంది.

చిన్న ట్రిప్‌కీ పెద్ద ఫైలే

వీసా సంగతి త్వరగా చెప్పేస్తా. ఫిన్లాండ్‌కి కావాల్సింది షెంజెన్ షార్ట్ స్టే వీసా. నాలుగు రోజులకీ అదే ఫైలు, నలభై రోజులకీ అదే ఫైలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, ఆలస్యమైతే కనీసం 15 రోజుల ముందు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, కానీ 45 రోజుల దాకా పట్టొచ్చని రూల్స్‌లోనే ఉంది. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, సెంటర్ వాళ్ల సర్వీస్ చార్జీ అదనం. 30,000 యూరోలకి తగ్గని కవరేజీతో ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. దాన్ని లైట్ తీసుకోకండి. మంచు మీద జారి చెయ్యి విరిగితే దాని విలువ తెలుస్తుంది.

నేను అక్టోబర్ మొదట్లోనే అప్లై చేశా. కంపెనీ లీవ్ లెటర్, జీతం స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, చెల్లి రాసిన ఆహ్వాన లేఖ. ఆ లేఖలో తను 'మా అన్నయ్య నన్ను చూడటానికి వస్తున్నారు' అని రాసింది. నా కవరింగ్ లెటర్‌లో మాత్రం 'పర్యాటకం' అని ఉంది. పక్కపక్కన పెట్టి చదివితే అప్పుడే కాస్త సిగ్గేసింది.

డిసెంబర్ 6 అంటే ఏంటో చూడలేదు

టికెట్ బుక్ చేసేటప్పుడు మన పండుగలన్నీ చూసుకున్నా, వాళ్ల పండుగ చూడలేదు. నేను అక్కడుండే శుక్రవారం డిసెంబర్ 6. ఫిన్లాండ్ స్వాతంత్ర్య దినోత్సవం. 1917లో రష్యా నుంచి విడిపోయిన రోజు. షాపుల్లో, మ్యూజియంల్లో చాలా వరకు మూత, లేదంటే కొద్ది గంటలే. నా షీట్‌లో శుక్రవారం నాడు మూడు మ్యూజియంలు ఉన్నాయి! మూడూ పోయాయి.

ముందు చిరాకొచ్చింది. తర్వాత ఆ రోజు ఏం చేస్తారా అని చదివితే మనసు మారింది. సాయంత్రం ఆరింటికి జనం ఇళ్ల కిటికీల్లో రెండు కొవ్వొత్తులు వెలిగిస్తారు. యూనివర్సిటీ విద్యార్థులు తెల్ల టోపీలు పెట్టుకుని, కాగడాలు పట్టుకుని హియెటనియెమి శ్మశానవాటిక నుంచి సెనేట్ స్క్వేర్ దాకా ఊరేగింపుగా నడుస్తారు. రాత్రి దేశాధ్యక్షుడి భవనంలో విందు. వచ్చిన అతిథులందరితో అధ్యక్షుడు చేతులు కలపడం టీవీలో గంటల తరబడి వేస్తారు, దేశమంతా కూర్చుని చూస్తుంది. ఎవరు ఏ డ్రెస్ వేసుకున్నారని కామెంట్లు కూడా.

చీకటి పడ్డాక జరిగేది, టికెట్ లేనిది, ఏడాదికి ఒక్కసారే ఉండేది. మూడు మ్యూజియంల బదులు ఒక్క వరుస చేర్చా.

షీట్‌లో ఒక కొత్త వరుస

నవంబర్ మూడో వారంలో షీట్ లింకు చెల్లికి పంపా. "చూసి ఎడిట్ చెయ్యి" అన్నా. రెండు రోజులు సమాధానం లేదు. మూడో రోజు రాత్రి స్టాండప్ కాల్ ముగించి షీట్ తెరిస్తే, గురువారం వరుసలో నేను పెట్టిన 'సిటీ వాకింగ్ టూర్' లేదు. దాని స్థానంలో తెలుగులో ఇలా ఉంది:

'10:30కి నాకు ఒక అపాయింట్‌మెంట్ ఉంది. నువ్వు బయట కూర్చుంటావా?'

వెంటనే ఫోన్ చేశా. ఆ రోజు కూడా వీడియో లేదు. కానీ మాట్లాడింది. మూడు వారాలుగా ఒక కోర్సు క్లాసులకి వెళ్లట్లేదు. రెండు అసైన్‌మెంట్లు పోయాయి. రాత్రి నిద్ర పట్టదు, తెల్లారి పడుకుని పన్నెండింటికి లేస్తోంది. పన్నెండింటికి లేస్తే మిగిలేది మూడు గంటల వెలుతురు. అందులో స్నానం, వంట అయ్యేసరికి మళ్లీ చీకటి. అలా వారాలు గడిచిపోయాయి.

"ముందే చెప్పొచ్చు కదే" అన్నా.

"ఇరవై లక్షల లోన్ మీద కూర్చుని, నాకిక్కడ బాగోలేదని ఎలా చెప్పమంటావు అన్నయ్యా?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ లోన్ పేపర్ల మీద నా సంతకం కూడా ఉంది.

ఉత్తరాది దేశాల్లో ఇది కొత్త విషయమేం కాదు. వారాల తరబడి సూర్యుడు కనబడని లాప్‌లాండ్ చలికాలాన్ని వాళ్లు 'కామోస్' అంటారు. హెల్సింకీలో సూర్యుడు రోజూ వస్తాడు కానీ, చీకటి వల్ల వచ్చే దిగులుకి అక్కడ కూడా ఆ పేరుతోనే ఒక మాటుంది. శీతాకాలంలో వచ్చి వసంతంలో తగ్గే ఈ రకం డిప్రెషన్ గురించి అమెరికాలో నార్మన్ రోజెంతల్, తోటి డాక్టర్లు 1984లోనే రాశారు. అక్కడి వాళ్లు దీన్ని దాచుకోరు. పొద్దున్నే పెట్టుకునే బ్రైట్ లైట్ లాంపులు మామూలు షాపుల్లోనే అమ్ముతారు. యూనివర్సిటీ విద్యార్థులకి విడిగా ఒక ఆరోగ్య సేవ ఉంది. సెమిస్టర్‌కి ఒక ఫీజు కడితే జ్వరానికీ, పంటికీ, మనసుకీ కూడా చూస్తారు. డిగ్రీ చదివే విదేశీ విద్యార్థులకీ వర్తిస్తుంది. చెల్లి ఆ ఫీజు ఆగస్టులోనే కట్టింది. వాడుకోవచ్చని మాత్రం నవంబర్ దాకా అనుకోలేదు.

అమ్మకి అన్నీ చెప్పలేదు. "కొంచెం డల్‌గా ఉందట" అన్నా. అమ్మకి అది చాలు.

"ఒరేయ్, నువ్వెళ్లి కళ్లారా చూడు. బాగోలేదనిపిస్తే తీసుకొచ్చెయ్. చదువు ఎక్కడైనా చదువుకోవచ్చు."

ఆ రాత్రి షీట్‌లో ఖర్చుల కాలమ్ కింద ఒక టికెట్ డబ్బు పక్కన పెట్టా. దానికి పేరేం పెట్టలేదు. అప్పటి నుంచి ఇది వేరే ట్రిప్ అయిపోయింది.

నెయ్యి ఆగింది, గోంగూర వెళ్లింది

సూట్‌కేసు దగ్గర అమ్మకీ నాకూ పెద్ద యుద్ధం. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వెళ్లేవాళ్లు పాలతో, మాంసంతో చేసినవి తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి సీసా అవుట్. దాంతో పాటు నేతి సున్నుండలు కూడా, ఎందుకొచ్చిన గొడవని, ఆపేశాం. పచ్చి కూరగాయలు, ఆకులు, పళ్లకి ప్రత్యేక సర్టిఫికెట్ కావాలి. కాబట్టి అమ్మ తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు కూడా అవుట్. సర్టిఫికెట్ లేకుండా వెళ్లగలిగేవి ఐదే: అనాస, కొబ్బరికాయ, డ్యూరియన్, అరటి, ఖర్జూరం.

"కొబ్బరికాయ తీసుకెళ్లొచ్చు గానీ కరివేపాకు వద్దా? ఇదేం రూలురా" అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

నూనెలో పెట్టిన గోంగూర పచ్చడి, కందిపొడి, చింతపండు, ఎండు మిరపకాయలు హాయిగా వెళ్లాయి.

ఇక బట్టలు. అందరూ చేసే తప్పు, ఒకే ఒక లావు జాకెట్ కొనడం. లేయర్లు ముఖ్యం. ఒంటికి అంటుకునేది థర్మల్, అది కాటన్ కాకూడదు. కాటన్ చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, బయటికి రాగానే వణుకు మొదలవుతుంది. దాని మీద ఫ్లీస్. పైన గాలి, వాన దూరనిది. హెల్సింకీ సముద్రం ఒడ్డున ఉంది కాబట్టి థర్మామీటర్ సున్నా చూపించినా గాలికి ఇంకా చల్లగా అనిపిస్తుంది. లోపలికి వెళ్తే మాత్రం ఎక్కడ చూసినా హీటింగే. తేలిగ్గా విప్పుకోగలిగేవి కావాలి.

ఇంకో నాలుగు సంగతులు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి:

• షూ అర సైజు పెద్దది తీసుకోండి. లోపల ఊలు సాక్సు పట్టాలి. సాక్సు ఇరుకైతే కాళ్లు ఇంకా చల్లబడతాయి.

• చలి కంటే ప్రమాదం జారుడు. మంచు కరిగి, మళ్లీ గడ్డ కడితే ఫుట్‌పాత్ అద్దంలా అవుతుంది. షూకి తగిలించుకునే ముళ్ల పట్టీలు అక్కడ మామూలు షాపుల్లో దొరుకుతాయి.

• ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి. చలికి లిథియం బ్యాటరీలో రసాయన చర్య నెమ్మదిస్తుంది. 40 శాతం చూపిస్తూనే ఠక్కున ఆగిపోవచ్చు. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ కంపెనీయే చెబుతుంది.

• కోటుకి ఒక రిఫ్లెక్టర్ తగిలించుకోండి. చీకట్లో నడిచేవాళ్లు అది వాడాలని అక్కడి ట్రాఫిక్ చట్టంలోనే ఉంది. చిన్నపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరి కోట్లకీ వేలాడుతుంటాయి.

ఆ నాలుగు రోజులు

హైదరాబాద్ నుంచి హెల్సింకీకి నేరుగా విమానం లేదు. మధ్యలో మారి, బుధవారం చీకటి పడ్డాక దిగా. ఎయిర్‌పోర్టు నుంచి సిటీకి ట్రైన్‌లో అరగంట. ఎయిర్‌పోర్టు సి జోన్‌లో ఉంటుంది కాబట్టి ఏబీసీ టికెట్ తీసుకోవాలి. సిటీలో తిరగడానికి మాత్రం ఏబీ చాలు. రోజుల లెక్కన తీసుకుంటే మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ అదే టికెట్.

సెంట్రల్ స్టేషన్ గుమ్మం దగ్గర రాతి మనుషులు నలుగురు నిలబడి ఉంటారు, చేతుల్లో గుండ్రటి దీపాలతో. ఎలియల్ సారినెన్ డిజైన్ చేసిన ఆ స్టేషన్ 1919లో తెరిచారు. చెల్లి వాళ్ల కింద నిలబడి ఉంది. చిక్కిపోయింది. నన్ను చూసి "స్వెటర్ రంగు దరిద్రంగా ఉంది" అంది. అప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది.

మంచు? లేదు. డిసెంబర్‌లో హెల్సింకీలో మంచు గ్యారంటీ లేదని నాకు అక్కడికెళ్లాకే అర్థమైంది. ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూ ఆడుతుంది. పడ్డ మంచు బురదైపోతుంది. మంచు లేకపోతే చీకటి ఇంకా చిక్కగా ఉంటుంది, ఎందుకంటే ఉన్న కాస్త వెలుతురునీ పైకి కొట్టడానికి తెల్లటి నేల ఉండదు.

గురువారం పదిన్నర. బయట కుర్చీలో కూర్చున్నా. మొదటి ఐదు నిమిషాలు, ఆ రోజు వెలుతురులో ఎంత పోతోందని లెక్కేశా. అలవాటు. తర్వాత నా మీద నాకే విసుగొచ్చి ఫోన్ జేబులో పెట్టేశా. ముప్పావుగంట తర్వాత చెల్లి వచ్చింది. ఏం మాట్లాడిందో నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

"ఆకలేస్తోంది, పద" అంది.

యూనివర్సిటీ క్యాంటీన్‌లో విద్యార్థుల భోజనానికి ప్రభుత్వ సబ్సిడీ ఉంటుంది. నాకు మామూలు రేటు. అక్కడ తింటూ ఒక కాగితం చూపించింది. పొద్దున లేచే టైము, మూడు గంటల్లోపు తప్పకుండా బయట నడక, లేవగానే అరగంట లాంపు ముందు కూర్చోవడం, పోయిన కోర్సు గురించి స్టడీ అడ్వయిజర్‌తో మాట్లాడటం, రెండు వారాల తర్వాత మళ్లీ అపాయింట్‌మెంట్. లాంపు ఆ సాయంత్రమే కొన్నాం. కొనే ముందు డాక్టర్‌ని అడగడం మంచిది, కళ్ల సమస్యలున్నవాళ్లయితే మరీ.

చీకటి పడ్డాక ఓడి లైబ్రరీకి వెళ్లాం. పార్లమెంటు ఎదురుగా ఉంటుంది. 2018 డిసెంబర్ 5న, అంటే స్వాతంత్ర్య దినోత్సవం ముందు రోజు తెరిచారు. పైన పుస్తకాలు, మధ్య అంతస్తులో కుట్టుమిషన్లు, త్రీడీ ప్రింటర్లు, కింద కేఫ్. ఎవరైనా, ఎంతసేపైనా కూర్చోవచ్చు. పైసా ఖర్చు లేదు. చెల్లి అక్కడికి రావడం అదే మొదటిసారి. "నాలుగు నెలలుగా ఇది ఇక్కడుందా!" అంది.

శుక్రవారం వెలుతురంతా సువోమెన్లిన్నాకి ఇచ్చాం. 1748లో స్వీడన్ పాలనలో కట్టడం మొదలుపెట్టిన సముద్రపు కోట అది. 1991 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. మార్కెట్ స్క్వేర్ నుంచి ఫెర్రీలో పావుగంట, మన సిటీ టికెట్టే చెల్లుతుంది. కోట గోడల మీద గాలికి చెవులు ఊడిపోతాయనిపించింది. పన్నెండింటికి మబ్బు వెనక నుంచి సూర్యుడు వచ్చాడు, అదీ నడినెత్తిన కాదు, మన సాయంత్రం ఐదింటికి ఉన్నంత కిందుగా. ఇద్దరం మాటలాపి అటు తిరిగి నిలబడ్డాం. అక్కడున్న జనమంతా అలాగే నిలబడ్డారు.

సాయంత్రం కాగడాల ఊరేగింపు. తెల్ల టోపీల మధ్య తన క్లాస్‌మేట్ ఒకమ్మాయి కనిపించి చెయ్యూపింది. "వచ్చే ఏడు నువ్వూ నడువు" అంది ఆమె ఇంగ్లిష్‌లో. తిరిగొస్తుంటే కిటికీల్లో రెండేసి కొవ్వొత్తులు.

శనివారం మార్కెట్ హాల్‌లో సాల్మన్ సూపు, సెనేట్ స్క్వేర్‌లో క్రిస్మస్ సంత. అక్కడ 'కోర్వపూస్తి' అనే దాల్చినచెక్క బన్ను తిన్నాం. ఆ పేరుకి అర్థం 'చెంపదెబ్బ'. విరవగానే యాలకుల వాసన. అవును, ఫిన్లాండ్ వాళ్లు బన్నుల పిండిలో యాలకులు వేస్తారు. చెల్లి కళ్లు మూసుకుని "పాయసం" అంది.

వెనక్కి తీసుకురానా?

ఆ రాత్రి టికెట్ డబ్బుల సంగతి చెప్పేశా. "అమ్మ రమ్మంటోంది. నాతో వచ్చేస్తానంటే సోమవారానికి టికెట్ చూస్తా. లోన్ సంగతి నేను చూసుకుంటా" అన్నా.

చాలాసేపు ఏమీ అనలేదు. గిన్నెలు కడగడం అయ్యాక చెప్పింది.

"ఇప్పుడు రాను. కానీ ఆ డబ్బు అలాగే ఉంచు. రావాలనిపిస్తే రావొచ్చు అని తెలిస్తే ఇక్కడ ఉండగలను."

నేను వెళ్లింది తనని తీసుకురావాలా వద్దా తేల్చడానికని అనుకున్నా. అది తేల్చాల్సింది నేను కాదని అప్పుడు తెలిసింది.

ఆదివారం ఊరు చూడలేదు. షీట్‌లో చెల్లి రాసిన వరుస ఒకటే: 'పప్పు, గోంగూర, ముగ్గురు ఫ్రెండ్స్'. పచ్చడి కారానికి ఒకతను లేచి కిటికీ తెరిచాడు. తర్వాత తన బిల్డింగ్‌లోని సౌనాలో ఆడవాళ్ల వంతు టైమ్‌కి చెల్లి ఆ క్లాస్‌మేట్‌తో వెళ్లింది. నాలుగు నెలల్లో మొదటిసారి. దాదాపు 56 లక్షల జనాభాకి 30 లక్షల దాకా సౌనాలున్న దేశం అది. ఆ సంస్కృతిని 2020లో యునెస్కో గుర్తించింది. ఇన్నాళ్లూ మొహమాటంతో దూరంగా ఉంది. ఎర్రటి మొహంతో తిరిగొచ్చి, తొమ్మిదిన్నరకే నిద్రపోయింది.

సోమవారం నేను బయల్దేరా. మంచు చూడకుండానే.

బుధవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా చెల్లి నుంచి కాల్. వీడియో ఆన్‌లో ఉంది. బయట నేలంతా తెల్లగా, చెట్లన్నీ తెల్లగా. "నువ్వెళ్లాక పడింది చూడు" అని వెక్కిరింపు. సమయం అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. అంటే లేచి, తయారై, బయట నడుస్తోంది.

అన్నీ సర్దుకుపోయాయని చెప్పను. ఆ కోర్సు వదిలేసింది, మళ్లీ చదవాలి. కొన్ని రోజులు వీడియో ఆఫ్‌లోనే ఉంటుంది. కానీ ఆఫ్ అయితే 'ఈరోజు బాగోలేదు' అని చెప్తోంది, నెట్ మీద తోయట్లేదు. ఇదంతా రాస్తానంటే "పేరు పెట్టకు, మిగతాది రాయి. ఇంకెవరైనా ఫీజు కట్టి మర్చిపోయి ఉండొచ్చు" అంది.

నిన్న షీట్ తెరిస్తే కింద కొత్త వరుస కనిపించింది. 'మార్చి చివర. పగలు 12 గంటలు. అమ్మ'.

అమ్మకి పాస్‌పోర్టే లేదు. ఈ ఉదయం స్లాట్ బుక్ చేశా.